జన్యువులను ఆపి ఉంచే జింక్ వేళ్లు

మనిషి కణాల్లో డీఎన్ఏ మీది నిర్దిష్టమైన అక్షరవరుసలను (ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుసలను) గుర్తుపట్టి, అక్కడ అతుక్కుని, దగ్గరలోని జన్యువు పనిచేయాలో వద్దో తేల్చే ప్రోటీన్లు సుమారు 1,600 ఉన్నాయి. వాటిలో దాదాపు సగం ఒకే కుటుంబానికి చెందినవి. జింక్ ఫింగర్ ప్రోటీన్లు అనే ఈ కుటుంబంలో 700కు పైగా సభ్యులున్నా, జీవశాస్త్రం చదువుకున్నవారిలో కూడా చాలామందికి ఆ పేరు వినగానే గుర్తుకు వచ్చేది క్రిస్పర్ అనే జన్యు కత్తెర రాకముందు జన్యువులను కత్తిరించడానికి వాడిన ఒక పరికరం మాత్రమే. ఇది నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం. పరికరం పాతబడిందన్న కారణంతో దానికి మూలమైన సహజ ప్రోటీన్లను కూడా పక్కన పెట్టేస్తే, జన్యు నియంత్రణలో అతి ముఖ్యమైన భాగమే మన దృష్టి నుంచి జారిపోతుంది.

జన్యు నియంత్రణను సాధారణంగా ఇలా వివరిస్తారు: కాలేయ కణంలోనూ నాడీ కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే, అయితే ఒక్కో కణంలో స్విచ్ వేసినట్టుగా కొన్ని జన్యువులే పని మొదలుపెడతాయి కాబట్టి ఆ కణాలు వేరువేరుగా రూపొందుతాయి. ఈ వివరణ తప్పు కాదు గానీ, స్విచ్ వేసేంతవరకు జన్యువు దానంతటదే నిశ్శబ్దంగా పడి ఉంటుందన్న అభిప్రాయాన్ని ఇది మనలో నాటుతుంది. డీఎన్ఏ హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉండడం వల్ల జన్యువులు కొంతవరకు అణిగి ఉంటాయన్నది నిజమే. కానీ పిండదశలో మొదలై ఒక జీవితకాలమంతా, వేలాది కణవిభజనల తరువాత కూడా చెక్కుచెదరకుండా నిలిచే నిశ్శబ్దానికి అది చాలదు. ఆ నిశ్శబ్దాన్ని ఎవరో నిలబెట్టాలి, చెదిరినప్పుడల్లా సరిచేయాలి, ఏ చోట అవసరమో ముందుగా గుర్తుపట్టాలి. మనిషి వంటి జీవుల్లో నియంత్రణ శ్రమలో ఎక్కువ భాగం ఈ ఆపి ఉంచడానికే వెళుతుందని, జింక్ ఫింగర్ ప్రోటీన్లే అందుకు అన్నిటికంటే బలమైన సాక్ష్యమని నా నమ్మకం.

విచిత్రమేమిటంటే, ఈ కుటుంబంలో మొట్టమొదట బయటపడిన ప్రోటీన్ జన్యువును ఆపేది కాదు, నడిపించేది. జెనోపస్ లీవిస్ అనే ఆఫ్రికా కప్ప తన అపరిపక్వ అండకణాల్లో, ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లో భాగమైన 5ఎస్ ఆర్ఎన్ఏను పెద్ద ఎత్తున నిల్వ చేసుకుంటుంది. ఆ ఆర్ఎన్ఏను అంటిపెట్టుకుని టీఎఫ్‌3ఏ అనే ప్రోటీన్ ఉంటుంది. 5ఎస్ ఆర్ఎన్ఏను తయారుచేసే జన్యువు మీద అతుక్కుని దాని నకలును, అంటే దాని నుంచి ఆర్ఎన్ఏ ప్రతి తయారవడాన్ని, మొదలుపెట్టించేదీ ఇదే ప్రోటీన్. 1982లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆరన్ క్లగ్ కేంబ్రిడ్జిలోని తన ప్రయోగశాలలో దీని మీద దృష్టి పెట్టారు. ఆయన వద్ద పరిశోధన చేస్తున్న జొనాథన్ మిల్లర్ ఈ ఆర్ఎన్ఏ, ప్రోటీన్ల జంటను శుద్ధి చేయబోతే అది విడిపోతూ వచ్చింది. శుద్ధి కోసం వాడిన ద్రావణంలోని ఒక రసాయనం ప్రోటీన్‌లోని లోహాన్ని లాగేసుకుంటోందని తరువాత తేలింది. ఆ లోహం జింక్. ఒక్కో జంటలో 7 నుంచి 11 జింక్ అయాన్లు ఉన్నట్టు కొలతల్లో బయటపడింది.

ఒక చిన్న ప్రోటీన్‌కు అంత జింక్ ఎందుకన్నది అప్పటికి ఎవరూ ఊహించని ప్రశ్న. ప్రోటీన్లను తెగ్గొట్టే ఎంజైములతో టీఎఫ్‌3ఏను కొద్దికొద్దిగా కోసి చూస్తే, అది ఎక్కడపడితే అక్కడ తెగకుండా, దాదాపు 30 అమైనో ఆమ్లాల తునక చొప్పున కుదించుకుపోయింది. అమెరికాలో రాబర్ట్ రోడర్ బృందం 1984లో ఆ ప్రోటీన్ పూర్తి వరుసను ప్రకటించాక క్లగ్ దాన్ని పరిశీలించి, దాదాపు ఒకే నమూనా తొమ్మిదిసార్లు పునరావృతమవుతోందని గమనించారు. ప్రతి నమూనాలోనూ సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు, హిస్టిడీన్ అనేవి రెండు స్థిరమైన ఎడంతో కనిపించాయి. ఈ నాలుగూ కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయని, అలా ముడిపడిన ప్రతి తునకా డీఎన్ఏను పట్టుకునే ఒక వేలులా పనిచేస్తుందని 1985లో మిల్లర్, మెక్‌లాక్లన్, క్లగ్ ప్రతిపాదించారు. కొలతలు, తునకల పరిమాణం, వరుస అనే మూడు వేరువేరు ఆధారాలను ఒకచోట చేర్చి, నిర్మాణం ఇంకా కంటికి కనిపించకముందే దాన్ని సరిగ్గా ఊహించిన ఈ పరిశోధన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది.

ఒక వేలిని దగ్గరనుంచి చూద్దాం. 30 అమైనో ఆమ్లాల గొలుసు తనంతట తాను స్థిరమైన ఆకారంలో మడతపడి నిలవడానికి చాలా చిన్నది. పెద్ద ప్రోటీన్లలో నీటికి దూరంగా లోపలికి ముడుచుకునే భాగం మొత్తం ఆకారాన్ని నిలబెడుతుంది, ఇంత చిన్న గొలుసులో దానికి చోటు లేదు. ఆ లోటును జింక్ తీరుస్తుంది. గొలుసు మొదట్లోని రెండు చిన్న పోగుల నుంచి రెండు సిస్టీన్లు, చివరన స్ప్రింగులా మెలితిరిగిన భాగం (సర్పిలం) నుంచి రెండు హిస్టిడీన్లు నాలుగు వైపులా జింక్‌ను పట్టుకోగానే గొలుసు మొత్తం బిగుసుకుంటుంది. జింక్ డీఎన్ఏను తాకనే తాకదు, తాకే సర్పిలాన్ని సరైన భంగిమలో నిలబెట్టడమే దాని పని. ఇనుమో రాగియో ఇక్కడ ఎందుకు పనికిరావో కూడా చెప్పుకోవాలి. ఆ లోహాలు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటూ డీఎన్ఏను తెగ్గొట్టగల చురుకైన కణికలను పుట్టిస్తాయి. జింక్ అయాన్‌కు ఆ గుణం లేదు. కణంలో అత్యంత విలువైన అణువును అంటిపెట్టుకుని ఉండాల్సిన ప్రోటీన్‌కు ఇంతకంటే భద్రమైన లోహం దొరకదు.

వేలు డీఎన్ఏను ఎలా చదువుతుందో 1991లో నికొలా పావ్లెటిచ్, కార్ల్ పాబో చూపించారు. జిఫ్268 అనే ఎలుక ప్రోటీన్‌లోని మూడు వేళ్లు డీఎన్ఏతో కలిసి ఉన్న స్ఫటికాన్ని వారు ఎక్స్-కిరణాలతో పరిశీలించారు. ఆ నిర్మాణాన్ని కంప్యూటరు తెర మీద తిప్పి చూస్తే, డీఎన్ఏ మెలికలోని వెడల్పైన గాడిలో మూడు సర్పిలాలు ఒకదాని వెంట ఒకటి ఒదిగి కనిపిస్తాయి. ఒక్కో సర్పిలం ప్రధానంగా మూడేసి అక్షరాలను చదువుతుంది కాబట్టి మూడు వేళ్లు కలిసి జీసీజీ టీజీజీ జీసీజీ అనే తొమ్మిది అక్షరాల వరుసను పట్టుకుంటాయి. ఈ గుర్తింపులో సింహభాగం సర్పిలం మీద కొన్ని నిర్దిష్ట స్థానాల్లో ఉన్న అమైనో ఆమ్లాలదే. ఉదాహరణకు, సర్పిలానికి సరిగ్గా ముందున్న స్థానంలోని ఆర్జినీన్ తన రెండు నత్రజని కొసలతో జీ అక్షరానికి రెండు హైడ్రోజన్ బంధాలు వేస్తుంది. జీ స్థానంలో వేరే అక్షరం ఉంటే ఆ జత కుదరదు. జన్యువుల ఎంపిక అని మనం గొప్పగా చెప్పుకునేది అంతిమంగా ఇలాంటి రెండేసి బంధాల దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చు. తొమ్మిది అక్షరాల వరుసలు మొత్తం 2,62,144 రకాలు ఉంటాయి. సుమారు 300 కోట్ల అక్షరాలున్న మానవ జన్యుపటంలో అలాంటి ఒక వరుస కేవలం యాదృచ్ఛికంగానే వేలసార్లు వస్తుంది. అదే ఆరు వేళ్లు 18 అక్షరాలను చదివితే, రకాల సంఖ్య 6,800 కోట్లు దాటుతుంది కాబట్టి, ఆ వరుస జన్యుపటం మొత్తంలో ఒక్కచోటే ఉండే అవకాశం ఎక్కువ. వేళ్లను ఒకదానికొకటి జోడించుకుంటూ పోతే ఎంతటి నిర్దిష్టతనైనా సాధించవచ్చన్నమాట. మన జన్యుపటంలో పదికి పైగా వేళ్లున్న ప్రోటీన్లు అంత సాధారణం కావడానికి ఇదొక కారణం.

ఈ లెక్కే మనుషులను ఆశపెట్టింది. మూడక్షరాల వరుసలు 64 ఉంటాయి కాబట్టి, ఒక్కోదానికి ఒక్కో వేలిని సిద్ధం చేసుకుంటే కావలసిన జన్యువును పట్టుకోవచ్చని అనిపించడం సహజం. 1994లో క్లగ్ బృందం ఒక రకం రక్త క్యాన్సర్‌కు కారణమయ్యే కలయిక జన్యువును గుర్తించేలా మూడు వేళ్ల ప్రోటీన్‌ను రూపొందించి, కణాల్లో ఆ జన్యువును అడ్డుకుంది. 1996లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో శ్రీనివాసన్ చంద్రశేగరన్ బృందం ఇలాంటి వేళ్లకు ఫాక్1 అనే బాక్టీరియా ఎంజైములోని కత్తిరించే భాగాన్ని తగిలించింది. అదే తరువాత జింక్ ఫింగర్ న్యూక్లియేజ్‌గా పేరు పొందింది. అయితే వేళ్లు పక్కవాటితో సంబంధం లేకుండా విడివిడిగా పనిచేయవు. సర్పిలంలోని రెండో స్థానం నుంచి ఒక అమైనో ఆమ్లం డీఎన్ఏ ఎదుటి పోగు మీద, పక్క వేలు చదివే మూడక్షరాల పరిధిలోకి కూడా చేయి చాస్తుంది. అందువల్ల విడిగా చక్కగా పనిచేసిన వేళ్లు జతకలిపాక తడబడేవి. 2012 తరువాత ఆర్ఎన్ఏ సాయంతో డీఎన్ఏను సులువుగా వెతుక్కునే క్రిస్పర్ రావడంతో ప్రయోగశాలలు అటు మళ్లాయి, అది సహేతుకమే. కానీ పరికరంగా ఎదురైన ఆ ఇబ్బంది సహజ ప్రోటీన్ల లోపం కాదు. పక్కపక్క వేళ్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడం వల్లనే, పరిణామానికి అంత తక్కువ సామగ్రితో అంత వైవిధ్యం సాధ్యమైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మనిషిలోని జింక్ ఫింగర్ ప్రోటీన్లలో దాదాపు సగం, అంటే 350కి పైగా, ఒక చివర క్రాబ్ అనే భాగాన్ని మోస్తుంటాయి. వేళ్లు డీఎన్ఏ మీద తమ చోటును పట్టుకోగానే ఈ భాగం ట్రిమ్28 అనే మరో ప్రోటీన్‌ను పిలుచుకుంటుంది. ట్రిమ్28 వెంట సెట్‌డీబీ1 అనే ఎంజైము వచ్చి, హెచ్3 హిస్టోన్‌లో తొమ్మిదో స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లం మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులను మూడింటిని తగిలిస్తుంది. ఆ గుర్తును చూసి హెచ్‌పీ1 ప్రోటీన్లు చేరతాయి, ఆ ప్రాంతంలోని డీఎన్ఏ దట్టంగా ముడుచుకుంటుంది, నకలు ఆగిపోతుంది. ఈ వరుసలో చోటును గుర్తుపట్టేవి వేళ్లు మాత్రమే, మిగతావన్నీ ఎక్కడికి పిలిస్తే అక్కడికి వచ్చేవే. జన్యు నియంత్రణ ప్రోటీన్లలో ఇంత పెద్ద గుంపు జన్యువులను ఆపడానికే అమరి ఉందన్న ఒక్క సంగతి చాలు, మన పాఠ్యపుస్తకాల వివరణ ఏ వైపుకు ఒరిగిందో తెలుసుకోవడానికి.

ఇంతమంది దేన్ని ఆపుతున్నారు? మన జన్యుపటంలో దాదాపు సగం, ఒకప్పుడు ఒకచోటి నుంచి మరోచోటికి గెంతుతూ తమ నకళ్లను పెంచుకున్న మూలకాల అవశేషాలే. వాటిలో కొన్ని పురాతన వైరస్‌ల నుంచి వచ్చాయి, కొన్నిటికి ఇప్పటికీ గెంతే శక్తి ఉంది. అవి ఒక కీలక జన్యువు మధ్యలో పడితే కణానికి ముప్పు. ఎలుక పిండ మూలకణాల్లో ఒక రకం ల్యుకేమియా వైరస్ ఎందుకు నోరెత్తలేకపోతోందన్న ప్రశ్నకు 2009లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్న జవాబు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. జడ్‌ఎఫ్‌పీ809 అనే జింక్ ఫింగర్ ప్రోటీన్ ఆ వైరస్ డీఎన్ఏలో 18 అక్షరాల భాగాన్ని పట్టుకుంటుంది. ఆ భాగం వైరస్ తన నకలును మొదలుపెట్టడానికి కణంలోని ప్రోలీన్ టీఆర్ఎన్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏను అతికించుకునే చోటు. దాన్ని మార్చుకుంటే వైరస్ సంతతి పెరగదు, మార్చుకోకపోతే వేళ్లకు దొరికిపోతుంది. శత్రువు వదులుకోలేని చోటునే పరిణామం ఎంచుకుంది.

మన పూర్వీకుల్లో ఈ పోరు ఎలా సాగిందో 2014లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌కు చెందిన డేవిడ్ హాస్లర్ బృందం బయటపెట్టింది. జడ్‌ఎన్‌ఎఫ్93 అనే ప్రోటీన్ ఎల్1 కుటుంబానికి చెందిన గెంతే మూలకాలను అణచివేసేది. తరువాతి కాలపు ఎల్1 మూలకాల్లో 129 అక్షరాల తునక ఒకటి మాయమైంది. ఆ ప్రోటీన్ పట్టుకునే చోటు సరిగ్గా ఆ తునకలోనే ఉంది. ఒకవైపు వేళ్లు తమ సర్పిలాల్లో రెండుమూడు అమైనో ఆమ్లాలు మార్చుకుని కొత్త వరుసలను నేర్చుకుంటుంటే, మరోవైపు మూలకాలు ఆ వరుసలను వదిలించుకుంటూ వచ్చాయి. ఈ ప్రోటీన్ల జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద గుంపులుగుంపులుగా ఉండడానికి, ఒక జీవజాతికీ మరొక జాతికీ మధ్య ఇంతగా తేడాపడడానికి ఈ పోరే ప్రధాన కారణమని చాలామంది భావిస్తారు. నేనూ ఆ పక్షమే, అయితే అది పూర్తి కథ కాదు. ఈ ప్రోటీన్లలో చాలావాటి లక్ష్యాలు కోట్ల ఏళ్ల కిందటే గెంతే శక్తి కోల్పోయాయి, అయినా ప్రోటీన్లు మాత్రం నిలిచే ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో డిడియే ట్రోనో బృందం 2017లో చూపినట్టు, చచ్చిపడిన మూలకాల మీద కూర్చున్న ఈ ప్రోటీన్లను కణం చుట్టుపక్కల జన్యువుల నియంత్రణకు వాడుకుంటోంది. కాపలాకు వచ్చినవి పాలనలో భాగమయ్యాయి. ట్రిమ్28 లేని ఎలుక పిండాలు గర్భాశయంలో కుదురుకున్న కొద్దికాలానికే ఎదుగుదల ఆగి చనిపోతాయన్న సంగతి, ఈ నిశ్శబ్దం ఎంత అవసరమో చెబుతుంది.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరాన్ని దాటవేయడం న్యాయం కాదు. టీఎఫ్‌3ఏ జన్యువును నడిపిస్తుంది, ఎస్‌పీ1 అనే మరో జింక్ ఫింగర్ ప్రోటీన్ కూడా నడిపిస్తుంది, జింక్‌ను మరో పద్ధతిలో పట్టుకునే గాటా1 ఎర్రరక్త కణాల జన్యువులెన్నిటినో నడిపిస్తూ కొన్నిటిని ఆపుతుంది. ఈస్ట్రోజన్, కార్టిసాల్ వంటి హార్మోన్లను అందుకునే గ్రాహకాలూ జింక్ సాయంతోనే డీఎన్ఏను పట్టుకుంటాయి. పదకొండు వేళ్ల సీటీసీఎఫ్ అయితే డీఎన్ఏ వలయాలకు హద్దులు గీస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ సీటీసీఎఫ్ గీసే హద్దు చేసేది కూడా ఒక జన్యువును పెంచే భాగం పొరుగు జన్యువును తాకకుండా నివారించడమే. జడ్‌ఎన్‌ఎఫ్410 ఉదాహరణ మరీ స్పష్టం. ఇది జన్యువును ఉత్తేజపరిచే ప్రోటీన్. అయితే ఇది నేరుగా నియంత్రించే జన్యువు దాదాపుగా సీహెచ్‌డీ4 ఒక్కటేనని 2021లో తేలింది, ఆ సీహెచ్‌డీ4 ఇతర జన్యువులను అణిచే యంత్రాంగంలో ఒక భాగం.

ఆపి ఉంచడం ఎంత విలువైనదో వైద్యంలో రెండు ఉదాహరణలు తేటతెల్లం చేస్తాయి. గర్భస్థ శిశువుకు పిండ హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టిన కొన్ని నెలల్లో దాని స్థానంలో వయోజన హిమోగ్లోబిన్ వస్తుంది. పిండ రూపాన్ని ఆపి ఉంచేది బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్ ప్రోటీన్ అని 2008లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపింది. అది పిండ హిమోగ్లోబిన్ జన్యువు ముందున్న టీజీఏసీసీఏ అనే చిన్న వరుస మీద కూర్చుంటుంది. ఆ వరుసలో ఒక్క అక్షరం మారి పుట్టినవారిలో పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా తయారవుతూనే ఉంటుంది, వారికి దానివల్ల హాని లేదు. సికిల్ సెల్ వ్యాధిలోనూ బీటా థలసీమియాలోనూ చెడిపోయేది వయోజన రూపమే కాబట్టి, ఈ అడ్డును తొలగిస్తే రోగికి మేలు జరగాలి. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించిన కాస్గెవీ చికిత్స చేసేది ఇదే. దానిలో కత్తెర క్రిస్పర్‌దే అయినా, లక్ష్యం జింక్ ఫింగర్ జన్యువు. ఇంకా చెప్పాలంటే, బీసీఎల్11ఏ ఇతర కణాల్లోనూ అవసరం కనుక జన్యువును పూర్తిగా చెరపకుండా, ఎర్రరక్త కణాల్లో మాత్రమే దాన్ని పెంచే భాగంలో గాటా1 అతుక్కునే చోటును పాడుచేస్తారు. ఒక జింక్ వేలు పట్టు తప్పించి మరో జింక్ వేలిని తగ్గించడమన్నమాట. క్రిస్పర్ విజయంగా ఈ చికిత్సను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే, కానీ ఏ ప్రోటీన్‌ను అర్థం చేసుకోవడం వల్ల అది సాధ్యమైందో కూడా అదే వాక్యంలో చెప్పాలని నా కోరిక.

రెండో ఉదాహరణ విషాదకరమైనది. 1957 నుంచి 1961 వరకు అనేక దేశాల్లో గర్భిణుల వేవిళ్లకు ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల 10,000 మందికి పైగా శిశువులు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. ఆ మందు కణంలో సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుందని 2010లో జపాన్‌లో హిరోషి హండా బృందం కనుగొంది. సెరెబ్లాన్ పనికిరాని ప్రోటీన్లను విధ్వంసానికి గుర్తుపెట్టే యంత్రాంగంలో భాగం. మందు అతుక్కున్నాక దాని ఎంపిక మారిపోయి, కొన్ని జింక్ వేళ్లను పట్టి నాశనానికి పంపుతుంది. వాటిలో ఒకటి సాల్4 అని 2018లో బయటపడింది. సాల్4 జన్యువు పుట్టుకతోనే దెబ్బతిన్నవారిలో థాలిడోమైడ్ బాధితులను పోలిన చేతుల లోపాలు కనిపిస్తాయి. ఎలుకల్లో ఈ మందు అంతటి హాని చేయకపోవడానికి వాటి సెరెబ్లాన్‌లోనూ సాల్4 వేలిలోనూ ఉన్న అతి చిన్న తేడాలు కారణమని తెలిసినప్పుడు, జంతు పరీక్షలు ఎక్కడ మోసపోగలవో అర్థమవుతుంది. అదే మందుకు దగ్గరి బంధువైన లెనలిడోమైడ్ నేడు మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు ముఖ్యమైన చికిత్స. అది కూల్చేది ఇకారోస్, అయోలోస్ అనే మరో రెండు జింక్ ఫింగర్ ప్రోటీన్లను. పిండంలో ఒక వేలు లేకపోవడం అవయవాలను పోగొట్టింది, క్యాన్సర్ కణంలో మరో వేలు లేకపోవడం ప్రాణం నిలుపుతోంది.

పరికరంగా వీటి కాలం చెల్లిందన్న మాట కూడా ఇప్పుడు నిలబడదు. జన్యువును శరీరంలోకి చేర్చడానికి వాడే ఏఏవీ వైరస్‌లో సుమారు 4,700 అక్షరాలకు మించి పట్టవు. క్రిస్పర్‌లో కత్తెరగా ఎక్కువగా వాడే కాస్9 ప్రోటీన్‌లో 1,368 అమైనో ఆమ్లాలున్నాయి, దాని జన్యువు ఒక్కటే 4,100 అక్షరాలు మింగేస్తుంది. ఆరు జింక్ వేళ్లకు దాదాపు 600 అక్షరాలు చాలు. 2024లో అమెరికా పరిశోధకులు చార్మ్ అనే పరికరంతో ఎలుకల మెదడు అంతటా, ప్రాణాంతక మెదడు వ్యాధులకు మూలమయ్యే ప్రయాన్ ప్రోటీన్‌ను 80 శాతానికి పైగా తగ్గించగలిగారు. అందులో చోటును గుర్తుపట్టే భాగం జింక్ వేళ్లే. అది డీఎన్ఏను ఎక్కడా కత్తిరించదు. కణంలో అప్పటికే ఉన్న ఎంజైమును ప్రయాన్ జన్యువు వద్దకు రప్పించి, మిథైల్ గుర్తులు పెట్టించి, ఆ జన్యువును ఆపుతుంది. పని పూర్తయ్యాక తన సొంత జన్యువును కూడా అదే పద్ధతిలో ఆపుకునేలా దాన్ని రూపొందించారు.